ఇంజన్ ఆయిల్‌కు బయటి దారి



కారు గురించి మాట్లాడుకునేటప్పుడు మన మాటలు మైలేజీ దగ్గర మొదలై టైర్ల దగ్గర ఆగిపోతాయి. ఇంజన్ ఆయిల్ సర్వీసింగు రోజున తప్ప గుర్తుకు రాదు. కానీ ఇంజన్‌లో క్రాంకు షాఫ్టు తిరిగేది ఆయిల్ పొర మీద. భారం పడినప్పుడు ఆ పొర మందం కొన్ని మైక్రాన్లకు దిగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంత పలచని పొర తెగకుండా నిలవాలంటే ఆయిల్ శుభ్రంగా ఉండాలి, మరీ కాగిపోకుండా ఉండాలి. శుభ్రం చేయడం ఫిల్టరు పని, వేడి తీయడం కూలరు పని. కంపెనీ ఈ రెండూ సరిగా ఇవ్వని ఇంజన్లు ఉన్నాయి. వాటికి బయటినుంచి పైపులు వేసి, ఫిల్టరును, కూలరును దూరంగా ఎక్కడో బిగించుకునే పద్ధతి ఉంది. అది ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు ఇంజన్‌నే తినేస్తుంది అన్నది ఈ పూట చెప్పదలచుకున్నాను.

ఈ సంగతి చెప్పడానికి ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను మించిన కారు నాకు తెలియదు. ఫెర్డినాండ్ పోర్షే జర్మనీలో 1930లలో రూపొందించిన కారు అది. ఇంజన్ వెనక ఉంటుంది. దాన్ని గీసినవాడు ఫ్రాంజ్ రైమ్‌స్పీస్. నాలుగు సిలిండర్లు, అటు రెండు, ఇటు రెండు పడుకోబెట్టి ఉంటాయి. నీళ్లు లేవు, రేడియేటరు లేదు. ఒక ఫ్యాను గాలి కొడితే ఆ గాలితోనే చల్లబడుతుంది. చివరి కారు 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. అప్పటికి తయారైన బీటిల్స్ మొత్తం 2,15,29,464. ఈ రెండు కోట్ల పైచిలుకు కార్లలో అత్యధిక భాగానికి ఈనాడు మనం ఎరిగిన ఆయిల్ ఫిల్టరు లేనే లేదు.

మరి ఏముంది? ఇంజన్ అడుగున గుండ్రటి ప్లేటు ఒకటి ఉంటుంది. దాని ఆరు చిన్న నట్లు విప్పితే లోపల సన్నటి తీగతో అల్లిన జాలీ కనిపిస్తుంది. పంపు ఆయిల్‌ను ఆ జాలీ గుండా పీల్చుకుంటుంది. అంతే. విరిగిన ముక్కో, ఊడిన ప్యాకింగ్ పీలికో అయితే అక్కడ ఆగుతుంది. టీ జాలీ ఆకును ఆపుతుంది గాని టీ రంగును ఆపలేదు కదా, ఇదీ అంతే. గాలితో లోపలికి వచ్చిన సన్నటి దుమ్ము, పెట్రోలు కాలగా మిగిలిన మసి, పిస్టన్ రింగులు అరిగి రాలిన లోహపు పొడి, ఇవన్నీ జాలీ కన్నాల్లోంచి దర్జాగా వెళ్లిపోతాయి. వెళ్లి బేరింగుల్లో కూర్చుంటాయి. బేరింగుల్లోని మెత్తటి లోహంలో ఇసుక రేణువు ఒకటి గుచ్చుకుందంటే, గట్టిదైన క్రాంకు షాఫ్టును అది తిరిగినన్నాళ్లూ గీస్తూనే ఉంటుంది.

ఫిల్టరు అప్పటికి కనిపెట్టలేదా అంటే, కనిపెట్టారు. అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్గ్ అనే ఇద్దరు 1923లోనే ప్యూరొలేటర్ పేరుతో కారు ఆయిల్ ఫిల్టరును తెచ్చారు. మరుసటి ఏడాది వచ్చిన క్రైస్లర్ కారుకు దాన్ని బిగించారు. బీటిల్ రూపకర్తలు తెలిసే దాన్ని వదిలేశారు. కారు చౌకగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, ఏ పల్లెటూరి మెకానిక్ అయినా చూసుకోగలగాలి అన్నది వారి లెక్క. ఇంజన్‌లో పట్టే ఆయిల్ రెండున్నర లీటర్లే. ప్రతి 5000 కిలోమీటర్లకూ ఆ రెండున్నర లీటర్లూ దించేసి, జాలీ కడిగి, కొత్తది పోస్తే మురికి పేరుకునే వ్యవధే ఉండదని అనుకున్నారు. మొదటి కార్ల శక్తి 25 హార్స్‌పవరే కాబట్టి ఆ లెక్క నిలిచింది కూడా. యజమాని క్రమం తప్పకుండా ఆయిల్ మార్చినంత కాలం బీటిల్ ఇంజన్ బాగానే బతికింది. మార్చడం మానేస్తే మాత్రం మిగతా కార్ల కంటే ముందే బోరుకు వచ్చేది. చివరికి 1990లలో మెక్సికోలో పెట్రోలు ఇంజెక్షన్‌తో వచ్చిన బీటిల్‌కు కంపెనీయే తిప్పి బిగించే ఫిల్టరు పెట్టింది. అంటే యజమానులు దశాబ్దాలుగా బయటినుంచి తగిలించుకుంటున్నది తప్పేమీ కాదని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది.

వేడి కథ ఇంతకంటే ఆసక్తికరమైనది. గాలితో చల్లబడే ఇంజన్‌లో ఆయిల్‌కు అదనపు బాధ్యత ఉంటుంది. నీళ్లు మోయాల్సిన వేడిలో కొంత ఆయిలే మోయాలి. అందుకని బీటిల్‌కు ఫిల్టరు ఇవ్వకపోయినా కూలరు మాత్రం మొదటినుంచీ ఇచ్చారు. ఫ్యాను గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు తొడుగు లోపల దాన్ని నిలువుగా నిలబెట్టారు. చిక్కల్లా అక్కడే వచ్చింది. కూలరు సరిగ్గా మూడో సిలిండరు గాలికి అడ్డంగా ఉంది. మూడో సిలిండరుకు చేరే గాలి తక్కువ, చేరేది కూడా కూలరులో దూరి వేడెక్కిన గాలి. పాత బీటిల్స్‌లో కాలిన ఎగ్జాస్టు వాల్వు ఎక్కడిదని అడిగితే అనుభవమున్న మెకానిక్ ఇంజన్ విప్పకుండానే మూడో సిలిండరుది అని చెప్పేవాడు. ఈ ఇబ్బంది కంపెనీకీ తెలుసు. కొన్ని డిస్ట్రిబ్యూటర్లలో మూడో సిలిండరుకు మాత్రం నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా చేశారు. 1971 మోడల్ నుంచి కూలరును ముందుకు జరిపి, దానికి విడిగా గూడు కట్టి, కాగిన గాలి సిలిండర్ల మీదికి పోకుండా బయటికి తోసేసే దారి ఇచ్చారు. కూలరు పెట్టడం గొప్ప కాదు, అది తీసిన వేడి ఎక్కడికి పోతుందో చూసుకోవడం గొప్ప అనే పాఠం ఆ కంపెనీకి ముప్పై ఏళ్లు దాటాక గాని పూర్తిగా వంటబట్టలేదు. బయటి కూలరు బిగించేవారు ఈనాటికీ తరచుగా చేసే పొరపాటు అదే. ఫ్యాను గాలి పీల్చే నోటి ముందు కూలరు బిగిస్తారు. ఆయిల్ చల్లబడుతుంది, నిజమే. ఆ వేడి గాలినే ఫ్యాను నాలుగు సిలిండర్ల మీదా పోస్తుంది.

ఆ ఇంజన్‌లోనే నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇంకొకటి ఉంది. పంపుకీ కూలరుకీ మధ్య ఒక చిన్న స్ప్రింగు, ఒక చిన్న పిస్టన్ లాంటి ప్లంజరు ఉంటాయి. తెల్లవారుజామున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, ప్రెజరు బాగా పెరుగుతుంది. ఆ ప్రెజరుకు ప్లంజరు కిందికి దిగి ఆయిల్‌కు అడ్డదారి తెరుస్తుంది. ఆయిల్ కూలరు జోలికి పోకుండా నేరుగా బేరింగులకు చేరుతుంది. ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక స్ప్రింగు ప్లంజరును పైకి నెడుతుంది. అప్పుడు ఆయిల్ కూలరు గుండా వెళుతుంది. కరెంటు లేదు, సెన్సారు లేదు. చల్లటి ఆయిల్‌ను చల్లబరచకూడదనే తెలివి ఆ స్ప్రింగులో ఉంది. ఈ తెలివిని పక్కన పెట్టి కూలరు బిగించేవాళ్లే ఎక్కువ. దాని సంగతికి మళ్లీ వస్తాను.

ఇక ఫిల్టరు, కూలరు బయట బిగించే పద్ధతి సంగతి. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, 1960లలో బీటిల్ అడుగు చట్రం మీద తేలికైన బాడీలు కట్టి ఇసుకదిబ్బల మీద నడపడం మొదలైంది. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో జరిగిన ఎడారి పందెంలో గెలిచింది మేయర్స్ మాంక్స్ అనే బగ్గీ. దాని వెనక ఉన్నది ఫోక్స్‌వాగన్ ఇంజనే. ఎడారి దుమ్ము, ఎడారి ఎండ, కంపెనీ అనుకున్నదానికి రెండు మూడు రెట్లు శక్తి పిండుకోవడం, ఈ మూడూ కలిశాక రెండున్నర లీటర్ల ఆయిల్, ఒక తీగ జాలీ చాలవు. బయటి ఫిల్టరు, బయటి కూలరు అక్కడి ఇంజన్ కట్టేవారి చేతుల్లో మామూలు విషయమైపోయాయి. పాత బీటిల్స్ ఉన్న ప్రతి దేశానికీ ఆ పద్ధతి పాకింది.

ఇక పని ఎలా చేస్తారో చూద్దాం. బీటిల్‌లో ఆయిల్ పంపు పుల్లీ వైపు, ఇంజన్ చివర ఉంటుంది. పంపు మూత తీసేసి, ఆయిల్ బయటికి వచ్చే నోరున్న మూత బిగిస్తారు. లోపలికి పోయే పాత కన్నాన్ని మూసేస్తారు. ఇప్పుడు పంపు తోడిన ఆయిల్ అంతా పైపులో పడి ఫిల్టరుకు పోతుంది, ఫిల్టరు నుంచి కూలరుకు, కూలరు నుంచి మళ్లీ ఇంజన్‌లోని పెద్ద ఆయిల్ కాలవకు. ఆ చివరి పైపు కోసం ఇంజన్ కేసులో ఒక కన్నం వేసి థ్రెడ్డు తీయాలి.

ఇక్కడే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ కన్నం, ఇంజన్ పూర్తిగా విప్పి, కేసు రెండు ముక్కలుగా బల్ల మీద ఉన్నప్పుడే వేయాలి. కారు కింద పడుకుని, బిగించి ఉన్న ఇంజన్‌కు డ్రిల్లు పెట్టే ధైర్యస్తులు ఉన్నారు. డ్రిల్లుకు గ్రీజు రాస్తాం, పొడి అంటుకుని బయటికి వచ్చేస్తుంది అంటారు. చాలా భాగం వస్తుంది. రాని చిటికెడు పొడి సరిగ్గా బేరింగులకు పోయే కాలవలో పడుతుంది. దానికి ముందు ఫిల్టరు ఉండదు, ఎందుకంటే ఫిల్టరు దాటాక ఉన్న చోటు అది. దుమ్ము నుంచి కాపాడటానికి మొదలుపెట్టిన పనితో మనమే లోహపు పొడి పోసినట్టవుతుంది. ఇంజన్ విప్పే ఉద్దేశం లేకపోతే ఆయిల్ పోయే దారి, వచ్చే దారి రెండూ పంపు మూతలోనే ఉండే రకం దొరుకుతుంది. కన్నం అక్కర్లేదు. అదే వాడండి.

ఫిల్టరు బిగించే దిమ్మ మీద లోపలికి, బయటికి అని గుర్తులు ఉంటాయి. వాటిని చూసీ చూడనట్టు వదిలేయవద్దు. తిప్పి బిగించే ఫిల్టరులో ఆయిల్ చుట్టూ ఉన్న చిన్న కన్నాల్లోంచి దూరి, కాగితం గుండా వెళ్లి, నడిమి పెద్ద కన్నంలోంచి బయటికి రావాలి. చుట్టూ ఉన్న కన్నాల వెనక ఒక రబ్బరు పొర ఉంటుంది. ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపడం దాని పని. పైపులు తారుమారుగా వేస్తే ఆ రబ్బరు పొరే ఆయిల్‌ను అడ్డుకుంటుంది. ఇంజన్ స్టార్టు చేస్తారు, ఆయిల్ దీపం ఆరదు, ఎందుకు ఆరలేదా అని చూస్తూ నిలబడతారు. ఆ లోపల బేరింగులు పొడిగా తిరుగుతుంటాయి.

ఫిల్టరు మర కూడా చూసుకోవాలి. బజారులో ఎక్కువగా కనిపించేవి ముప్పావు అంగుళం మర ఒకటి, 20 మిల్లీమీటర్ల మర ఒకటి. ముప్పావు అంగుళం అంటే 19 మిల్లీమీటర్ల పైన కొంచెం. రెండింటికీ తేడా మిల్లీమీటరు కూడా లేదు. ముప్పావు అంగుళం స్టడ్డు మీద 20 మిల్లీమీటర్ల ఫిల్టరును చేత్తో తిప్పితే ఎక్కినట్టే ఉంటుంది. ప్రెజరు వచ్చాక మర పట్టు విడిచి ఫిల్టరు ఊడిపడుతుంది. కాబట్టి పరిమాణం చూసి కాకుండా నంబరు చూసి కొనండి. సాధ్యమైతే ఫిల్టరు నోరు పైకి ఉండేలా నిలువుగా బిగించండి. అప్పుడు ఇంజన్ ఆపినా ఆయిల్ అందులోనే నిలుస్తుంది, కొత్తది బిగించే ముందు దాన్ని నింపుకోవచ్చు కూడా.

పెద్ద పంపు వేసినవారికి ఇంకో హెచ్చరిక. బీటిల్‌లో ప్రెజరు తగ్గించే వాల్వు ఇంజన్ కేసు లోపల ఉంది. బయటి పైపులు వేశాక ఫిల్టరు దానికి ముందు వస్తుంది. చలి ఉదయం చిక్కటి ఆయిల్‌తో స్టార్టు చేసి వెంటనే యాక్సిలరేటరు తొక్కితే పంపు ప్రెజరు అంతా ఫిల్టరు డబ్బా మీదే పడుతుంది. డబ్బా ఉబ్బి పగిలిన సందర్భాలు ఈ కార్ల లోకంలో కొత్త కాదు. మామూలు సైజు పంపు, ఇంజన్‌కు తగిన పలచని ఆయిల్, స్టార్టు చేశాక కాసేపు నెమ్మదిగా తిరగనివ్వడం, ఇవి చాలు. తప్పనిసరిగా పెద్ద పంపు కావాలంటే ప్రెజరు వాల్వు ఉన్న పంపు మూత వేసుకోవాలి.

ఇంతవరకూ ఫిల్టరు. ఫిల్టరు లేని ఇంజన్‌కు ఫిల్టరు పెట్టడంలో నాకు రెండో ఆలోచన లేదు. కూలరు విషయంలో మాత్రం నా మాట వేరు. కొలవకుండా కూలరు పెట్టవద్దు.

ఇంజన్ ఆయిల్ బాగా పనిచేసే వేడి సుమారు 90 నుంచి 110 డిగ్రీలు. అంతకంటే బాగా పెరిగితే ఆయిల్ పలచబడి పొర తెగుతుంది. దాని ఆయుష్షూ తరుగుతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వేసుకుంటారు. కానీ 90 కంటే బాగా తక్కువలో ఉండిపోవడమూ చేటే. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సరులోంచి పోయినా, కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ బాగా కాగితేనే ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. కాగకపోతే ఆయిల్‌లోనే నిలిచి, మసితో కలిసి జిడ్డు మడ్డిలా తయారవుతుంది. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపిస్తుంది. అది నీరు చిక్కుకుపోయిందనడానికి గుర్తు. అవసరం లేని ఇంజన్‌కు పెద్ద కూలరు తగిలించి, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసుకు నడిపేవారి ఇంజన్లలో ఇది తరచుగా జరుగుతుంది.

అందుకే కూలరు దారిలో థర్మోస్టాట్ ఉండి తీరాలి. బీటిల్‌లో ఆ చిన్న ప్లంజరు చేసే పనే ఇదీ చేస్తుంది. ఆయిల్ సుమారు 80 డిగ్రీలకు వచ్చేదాకా కూలరును తప్పించి పంపుతుంది, ఆ తర్వాత తెరుచుకుంటుంది. 1969లో పోర్షే 911 ఎస్‌కు ముందు వైపు అదనపు ఆయిల్ కూలరు పెట్టినప్పుడు థర్మోస్టాట్‌తోనే పెట్టారు. థర్మోస్టాట్‌కు డబ్బు చాలకపోతే కూలరు కొనడం వాయిదా వేయండి.

అవసరం ఇంజన్‌ను బట్టి కాకుండా దాని చేత చేయించే పనిని బట్టి ఉంటుందనడానికి మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఉంది. మన అంబాసిడర్‌లో 1959 నుంచి వచ్చిన 1489 సీసీ ఇంజన్, ఇంగ్లండులోని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ ఇంజన్. అదే కుటుంబానికి చెందిన 1798 సీసీ ఇంజన్‌ను 1962లో వచ్చిన ఎంజీబీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో పెట్టారు. ఎంజీబీ గంటకు 160 కిలోమీటర్లు దాటేది, దానికి ముందు వైపు ఆయిల్ కూలరు ఉండేది. మన అంబాసిడర్ ఏడుగురిని ఎక్కించుకుని, మీద హోల్డాళ్లు కట్టుకుని, గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగంతో లక్షల కిలోమీటర్లు కూలరు లేకుండానే తిరిగింది. రెండూ సరైన నిర్ణయాలే.

మన ఎండల మాట కూడా చెప్పుకోవాలి. గాలితో చల్లబడే ఇంజన్‌లో ఆయిల్ వేడి, బయటి గాలి వేడికి మించి ఇంత అని ఉంటుంది. జర్మనీలో 20 డిగ్రీల గాలిలో 95 డిగ్రీలున్న ఆయిల్, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల 45 డిగ్రీల గాలిలో అదే వేగంతో నడిస్తే దాదాపు 120కి చేరుతుంది. బీటిల్ మన దేశంలో తయారు కాలేదు. దిగుమతి అయినవి కొన్నే. కానీ వాటిని ప్రాణంగా చూసుకునే వాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు. వారికి ఈ 25 డిగ్రీల తేడా తేలిగ్గా తీసుకునేది కాదు. అయినా వారికీ నేను చెప్పేది ముందు గేజి పెట్టమనే. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే భాగంలో, మన మెకానిక్కులు ఛాంబర్ అనే చోట సెన్సారు పెట్టి, డాష్‌బోర్డు మీద మీటరు పెట్టుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద గంటసేపు నడిపి చూడండి. ముల్లు 110 దగ్గర నిలబడితే మీకు కూలరు అక్కర్లేదు. 120 దాటి ఇంకా పైకి పోతుంటే కారణం వెతకండి. బీటిల్‌లో ఇంజన్ చుట్టూ రేకులు, రేకుల అంచున రబ్బరు పట్టీ ఉంటాయి. కింద ఎగ్జాస్టు దగ్గర కాగిన గాలి పైకి రాకుండా అవి ఆపుతాయి. ఏళ్ల తరబడి రిపేర్లలో ఆ రేకులు పోతాయి, రబ్బరు రాలిపోతుంది, ఎవరూ తిరిగి పెట్టరు. ఫ్యాను అప్పుడు తాను కాచిన గాలినే తాను పీలుస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ తప్పినా, కార్బురేటరులో పెట్రోలు పాలు తగ్గినా వేడి పెరుగుతుంది. ఇవన్నీ సరిచేశాక కూడా ముల్లు దిగకపోతే అప్పుడు కూలరు మీ హక్కు.

కూలరు బిగించే చోటుకు తాజా గాలి రావాలి, రాళ్లు తగలకూడదు, తగిలిన గాలి బయటికి పోయే దారి ఉండాలి. బీటిల్‌లో చాలామంది గేరుబాక్సు పైన గాని, వెనక చక్రం పైన మడ్‌గార్డు లోపల గాని పెట్టి, చిన్న కరెంటు ఫ్యాను, దానికి వేడిని బట్టి పనిచేసే స్విచ్చి పెడతారు. కూలరు నోళ్లు పైకి ఉంటే లోపలి గాలి బయటికి పోతుంది. ఫిల్టరు ముందు, కూలరు తర్వాత అన్నది నా అభిప్రాయం. కూలరు సన్నటి దారుల్లో మురికి చేరితే కడగడం దాదాపు అసాధ్యం. సీజ్ అయిన ఇంజన్ నుంచి తీసిన కూలరు ఎంత చౌకగా దొరికినా కొత్త ఇంజన్‌కు పెట్టవద్దు. పాత బేరింగుల పొడి అందులో దాక్కుని ఉంటుంది.

మిగిలింది పైపులు. ఫిల్టరు ఇంజన్‌కు అంటుకుని ఉన్నంత కాలం ఆయిల్ ఇంజన్ దాటి బయటికి రాదు. మనం దాన్ని బయటికి తెచ్చామంటే ఇంజన్ ప్రాణాన్ని కొన్ని పైపులకు, వాటి ఫిట్టింగులకు అప్పగించామన్నమాట. హైవే మీద ఒక పైపు ఊడితే పంపే రెండున్నర లీటర్లనూ రోడ్డు మీద పోసేస్తుంది, దానికి నిమిషం కూడా పట్టదు. వేడి ఎగ్జాస్టు మీద పడితే నిప్పంటుకుంటుంది. కాబట్టి నీళ్ల పైపు, పెట్రోలు పైపు ఈ పనికి పనికిరావు. చుట్టి బిగించే మామూలు క్లిప్పుల మీద నాకు నమ్మకం లేదు. మన వైపు ట్రాక్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ పైపులు నొక్కి ఇచ్చే దుకాణాలు విజయవాడ ఆటోనగర్‌లో వరసగా ఉంటాయి, చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తాయి. వాళ్లు ఫిట్టింగు నొక్కే పని బాగా చేస్తారు. అయితే మామూలు హైడ్రాలిక్ పైపు ప్రెజరును ఎంతైనా తట్టుకుంటుంది గాని వేడిని సాధారణంగా 100 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. మన ఆయిల్ 120కి పోవచ్చు. పైపు మీద అచ్చువేసిన వేడి అంకె చదివి, 150 డిగ్రీలు తట్టుకునేది అడిగి తీసుకోండి. లోపలి వ్యాసం అర అంగుళానికి తగ్గకూడదు. మలుపులు తక్కువ ఉండాలి. ఎక్కడా రేకు అంచుకు రాసుకోకూడదు. ఇంజన్ ఊగుతుంది, బాడీ ఊగదు, ఆ ఊపుకు సరిపడా వదులు ఉండాలి.

అంతా బిగించాక ఫిల్టరు నింపి, స్పార్కు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పండి. అప్పుడు స్టార్టు చేయండి. పైపులు, కూలరు నిండేసరికి అర లీటరు, ఒక్కోసారి లీటరు దాకా ఆయిల్ తగ్గుతుంది. బండి ఆపి, కాసేపు ఆగి, డిప్‌స్టిక్ చూసి నింపండి. వేడెక్కిన తర్వాత ప్రతి ఫిట్టింగునూ చేత్తో తడిమి తేమ ఉందేమో చూడండి, వారం నడిపాక మళ్లీ చూడండి.

ఈ రోజుల్లో వచ్చే కార్లకు ఇదంతా అక్కర్లేదు. మన రోడ్ల మీద తిరిగే చాలా డీజిల్ కార్లలో ఫిల్టరు పక్కనే, రేడియేటరు నీళ్లతో ఆయిల్‌ను చల్లబరిచే కూలరు కంపెనీయే పెట్టి ఇస్తోంది. ఆ నీళ్లు ఉదయం ఆయిల్‌ను త్వరగా వెచ్చబెడతాయి కూడా. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ఇంటర్‌సెప్టర్ బైకు మీ వీధిలో ఉంటే ముందు వైపు చూడండి, చిన్న రేడియేటరులా కనిపించేది ఆయిల్ కూలరే. వీటికి మన చేతి పని తగిలించడం డబ్బు దండగ.

బయటి ఫిల్టరు, కూలరు కావలసినవి పాత కార్లు, ఇంజన్ మార్చిన కార్లు, పందెం కార్లు. అలాంటి బండి మీ షెడ్డులో ఉంటే ఈ ఎండాకాలం లోపల రెండు పనులు చేయండి. ఫిల్టరు లేకపోతే ఫిల్టరు పెట్టించండి. కూలరు కోసం దాచిన డబ్బులో కొంత తీసి ముందు ఆయిల్ టెంపరేచర్ గేజి కొనండి. అది ఏప్రిల్, మే నెలల్లో ఏం చూపిస్తుందో ఒక పుస్తకంలో రాసుకోండి. కూలరు కావాలో వద్దో ఆ అంకెలు చూశాకే నిర్ణయించుకోండి.